చెవి దారిన వచ్చిన బాల్యం

పాత ప్రకాశం జిల్లా పడమటి అంచున, నల్లమల కింద, అర్ధవీడు మండలంలో కాకర్ల అనే ఊరుంది. త్యాగరాజు ఇంటిపేరు ఆ ఊరి పేరే. ఆయన పూర్వులు అక్కడి నుంచి కావేరీ తీరానికి వలస పోయారని జీవితచరిత్రలు చెప్తాయి. శ్యామశాస్త్రి పూర్వులనూ కంభం ప్రాంతం వారిగానే సంప్రదాయం గుర్తిస్తుంది. బంగారు కామాక్షి అర్చకత్వం చేతబట్టుకొని కంచి నుంచి దక్షిణానికి దిగి, చివరికి తంజావూరు చేరిన కుటుంబం వాళ్లది. కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఇద్దరి వంశాలు ఒకే తాలూకా నుంచి కదిలాయన్నమాట.

ఈ సంగతిని ఊరి గొప్పగా చెప్పుకొని వదిలేయడం మన అలవాటు. అంతకంటే దీన్ని ప్రశ్నగా చూడటం నాకు ఇష్టం. త్యాగరాజు 1767లో తిరువారూరులో పుట్టారు. కాకర్ల చూసినట్టు ఏ జీవితచరిత్రా చెప్పదు. ఆయన పాటల్లో నది అంటే కావేరి. ఆ నది నడకను వర్ణిస్తూ అసావేరి రాగంలో ఒక కృతి ఉంది, చోళసీమను పొగుడుతూ ముఖారిలో ఇంకొకటి ఉంది. కంభం వైపు పారే గుండ్లకమ్మకు అలాంటి భాగ్యం దక్కలేదు. మరి తాతముత్తాతల ఊరు ఎక్కడ మిగిలింది? ఇంటిపేరులో మిగిలింది. చుట్టూ తమిళం ఉన్న వీధిలో ఇంట్లో మాట్లాడిన తెలుగులో మిగిలింది. పురందరదాసు కీర్తనలు ఆయనకు తల్లి సీతమ్మ నోట వచ్చాయని చెప్పుకుంటారు. 'ప్రహ్లాద భక్తి విజయం' ఆరంభంలో పురందరదాసుకు ఆయన పెట్టిన నమస్కారం గ్రంథంలోనే ఉంది. పసితనంలో చెవిన పడినది అరవై ఏళ్ల రచనకు ఎలా ఊట అయిందో చూడటానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ తెలుగులో వెతకక్కరలేదు.

పాట బాల్యాన్ని ఎలా తట్టి లేపుతుంది, కవిత్వం ఆ పనిని ఏ మార్గాన చేస్తుంది అన్న ప్రశ్న మీద ఇప్పటిదాకా చాలామంది చాలా రాశారు. వాటిని ఒకచోట పెట్టి, మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం వైపు నుంచి చూస్తే ఏం తేలుతుందో చెప్పడం ఈ సమీక్ష ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ప్రాంతంలో కవిత్వం పుస్తకం కంటే ముందు చెవి దారిన వచ్చింది. అందుకే ఇక్కడి కవిత్వంలో బాల్యపు పాటను వస్తువుగా వెతికితే తక్కువ దొరుకుతుంది, నడకగా వెతికితే అడుగడుగునా దొరుకుతుంది. మన విమర్శ ఎక్కువగా మొదటి రకం వెతుకులాటే చేసింది.

ముందు బయటి ప్రపంచం. 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటిమీది బెంగను జబ్బుగా లెక్కకట్టి సిద్ధాంత వ్యాసం రాశాడు. పరదేశాల్లో కిరాయికి పోరాడే స్విస్ సైనికుల చెవిన తమ కొండల్లో పశువుల కాపరులు పాడే పాట పడితే, ఏడ్చి కొలువు విడిచి పారిపోయేవారని తర్వాతి శతాబ్దంలో ప్రచారమైంది. రూసో తన సంగీత నిఘంటువులో ఆ పాట ప్రస్తావన తెచ్చి చాలా తెలివైన మాట ఒకటి అన్నాడు. ఆ మహిమ స్వరాల్లో లేదని, పరాయివాడి మీద అది పనిచేయదని, పాట అక్కడ సంగీతంగా కాక జ్ఞాపకానికి ఆనవాలుగా పనిచేస్తుందని ఆయన తేల్చాడు.

కాళిదాసు దీనికి ఎదురుగా నిలబడతాడు. శాకుంతలం ఐదో అంకం మొదట్లో దుష్యంతుడు లోపలి నుంచి హంసపదిక పాట వింటాడు. శాపం వల్ల శకుంతలను మరిచిపోయి ఉన్నాడు. ఎడబాటేమీ లేకుండానే మనసు ఎందుకు కలవరపడుతోందో ఆయనకు అర్థం కాదు. ఏ జన్మలోనో పెనవేసుకున్న స్నేహాలు తెలియకుండానే మనసులో మెదులుతున్నాయని సరిపెట్టుకుంటాడు. అభినవగుప్తుడు రసచర్చలో ఈ ఘట్టాన్ని వాడుకున్నాడు. రూసో చెప్పిన సైనికుడికి పాట వెనక ఉన్న ఊరు తెలుసు. దుష్యంతుడికి తెలియదు. ఆనవాలు ఉంది, అది దేనికి ఆనవాలో చెరిగిపోయింది. త్యాగరాజు ఇంట కాకర్ల పరిస్థితి ఈ రెండోదానికి దగ్గర.

ఈ శతాబ్దంలో కొలతలు కూడా వచ్చాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పీటర్ జనాటా, మనుషులకు వాళ్ల చిన్నతనంలోనూ కుర్రతనంలోనూ ప్రచారంలో ఉన్న పాటల ముక్కలు వినిపించి మెదడును చిత్రించాడు. పాటనూ సొంత జీవిత జ్ఞాపకాన్నీ ముడివేసే పని నుదుటి వెనక, మధ్యభాగంలోని పొరలో జరుగుతోందని 2009లో ప్రకటించాడు. 2013లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి కెరొల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జప్నిక్ ఇంకా ఆసక్తికరమైన సంగతి బయటపెట్టారు. ఇరవై ఏళ్ల యువత తమ కాలపు పాటలతో పాటు, తల్లిదండ్రులు యువకులుగా ఉన్నప్పటి పాటలను కూడా సొంత జ్ఞాపకాలతో ముడిపెట్టుకుంటోందట. అంటే పాట ద్వారా వచ్చే బెంగ ఒక తరం నుంచి ఇంకో తరానికి జారుతుంది. అమ్మ వంటింట్లో కూనిరాగం తీసిన పాట బిడ్డకు తన బాల్యమే అవుతుంది, నిజానికి అది అమ్మ బాల్యం అయినా సరే. అయితే ఆ పరిశోధనలన్నీ రికార్డుకెక్కిన పాటల మీద జరిగాయి. రికార్డులో పాట ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. లాలి పాట ఇంటింటికీ మారుతుంది. ఆ తేడాను ఆ కొలతలు పట్టుకోలేవు.

ఇంగ్లీషు కవిత్వంలో ఈ వస్తువుకు అందరూ చూపే కవిత డి.హెచ్. లారెన్స్ రాసిన 'పియానో'. 1918లో అచ్చయింది. ఎదుట ఒక స్త్రీ పాడుతుంటే, పియానో కింద కూర్చొని తల్లి పాట విన్న పసితనంలోకి ఎదిగిన మనిషి కొట్టుకుపోతాడు. కవితలో పాట బయట ఉంది, కవి దాన్ని వింటున్నాడు. పాట వేరు, పద్యం వేరు. తెలుగులో ఈ గోడ ఇంత ఎత్తుగా ఎప్పుడూ లేదు. లారెన్స్ నమూనాను తీసుకొచ్చి మన కవుల మీద పెడితే సగం సరుకు కిందికి జారిపోతుంది.

ఎలా జారుతుందో శ్రీశైలం దారిలో చూడవచ్చు. శ్రీశైలానికి తూర్పు ద్వారం త్రిపురాంతకం. మార్కాపురం నుంచి కొండెక్కే బాట దోర్నాల మీదుగా పోతుంది. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర' పర్వత ప్రకరణంలో ఈ కొండ యాత్రను వర్ణిస్తూ భక్తులు పాడుకునే పాటల రకాలను పేర్లతో సహా చెప్పాడు. వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, నివాళి పదాలు ఇలా సాగుతుంది ఆ జాబితా. తెలుగు జానపదగేయాల చరిత్ర రాసినవాళ్లంతా, 1958లో వెలువడిన బిరుదురాజు రామరాజు గ్రంథంతో సహా, ఇక్కడికి రాక తప్పలేదు. వాళ్లకు ఇది ప్రాచీనతకు సాక్ష్యం. నాకు మాత్రం అందులో వెన్నెల పదాలూ గొబ్బి పదాలూ పిల్లల నోళ్లలోవి అన్న సంగతి ముఖ్యం. ఆరుబయట వెన్నెల్లో ఆడపిల్లలు పాడే పాటను ఒక మహాకవి శివకావ్యంలోకి తెచ్చాడు. పైగా తాను ఎంచుకున్నది ద్విపద. చదువురానివాళ్లు కూడా పాడుకోగల ఛందస్సు. చిన్నప్పటి పాట మీద బెంగపడి పద్యం రాయడం కంటే, ఆ పాట నడకలోనే కావ్యం రాయడం పెద్ద పని.

అదే త్రిపురాంతకేశ్వరుడి మీద రావిపాటి త్రిపురాంతకుడు 'త్రిపురాంతకోదాహరణం' చెప్పాడు. ఉదాహరణ కావ్యంలో ఒక్కో విభక్తికీ ఒక వృత్తం, ఒక కళిక, ఒక ఉత్కళిక ఉంటాయి. వృత్తం పండితుడి చేతి పని. కళిక, ఉత్కళికలు రగడ నడకలో పరిగెత్తుతాయి, తాళం వేసుకోవచ్చు. విభక్తుల వరస అంటే పిల్లవాడు గురువు ముందు ఊగుతూ వల్లెవేసే పాఠం. ఆ పాఠపు చట్రంలో దేవుణ్ణి కూర్చోబెట్టడం నాకెప్పుడూ కొంత అల్లరిగా, కొంత ముద్దుగా కనిపిస్తుంది.

లాలి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. బాల్యస్మృతి అనగానే కవులంతా పరిగెత్తేది అక్కడికే. త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో దేవుణ్ణి నిద్రలేపే పాటలున్నాయి, ఆరగింపు పాటలున్నాయి, లాలి పాటలూ ఊయల పాటలూ ఉన్నాయి. నీలాంబరి రాగం వినిపిస్తే జోలపాట అని తెలుగు, తమిళ ఇళ్లలో సంగీతం రానివాళ్లకు కూడా తెలుస్తుంది. శ్యామశాస్త్రి కామాక్షిని తల్లిగా పిలిచి బిడ్డగా బతిమాలుకుంటాడు. ఒకరు దేవుడికి తల్లి అయ్యారు, ఇంకొకరు దేవతకు బిడ్డ అయ్యారు. తమ బాల్యం గురించి ఇద్దరూ నేరుగా ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ వాళ్లకు రాలేదు.

పల్లె లాలి వేరే సంగతి. అందులో మాటలు తల్లివి. ఆ మాటల్లో పుట్టింటి మీద అలక ఉంటుంది, అత్తింటి చాకిరి ఉంటుంది, పనికి పోయి తిరిగిరాని మొగుడి మీద నిష్ఠూరం ఉంటుంది, వానలేని ఏడాది ఉంటుంది. బిడ్డకు అవేవీ తెలియవు. బిడ్డకు చేరేది వరస ఒక్కటే. ఆ బిడ్డ పెద్దయి కవిత రాసినప్పుడు వరస గుర్తొస్తుంది, తల్లి ఒడి గుర్తొస్తుంది, మాటలు మాత్రం గుర్తుండవు. ఖాళీ అయిన ఆ చోటును కవి తన మాటలతో నింపుకుంటాడు. మన బాల్యస్మృతి కవితల్లో లాలి ఎప్పుడూ తియ్యగానే ఉండటానికి కారణం ఇదేనని నా అనుమానం. పాడినామె దుఃఖాన్ని విన్నవాడు మాధుర్యంగా దాచుకున్నాడు.

వెల్చేరు నారాయణరావు 1991లో వచ్చిన ఒక సంకలనంలో తెలుగు స్త్రీల రామాయణపు పాటల మీద రాసిన వ్యాసం ఇక్కడ అక్కరకొస్తుంది. ఆ పాటల్లో యుద్ధానికి చోటు తక్కువ. కౌసల్య నొప్పులు, పసివాడికి స్నానం, ఊయల, పెళ్లిలో వియ్యంకుల వేళాకోళం, ఊర్మిళ నిద్ర, వీటికి చోటు ఎక్కువ. వాటిలో బాల్యం గతం కాదు, చేతుల్లో ఉన్న పని. అది గతంగా మారేది బిడ్డ కవి అయినప్పుడే. ఆడవాళ్ల పాటను జానపదం అనే గదిలో, మగకవుల జ్ఞాపకాల కవితను ఆధునిక కవిత్వం అనే గదిలో వేరువేరుగా కూర్చోబెట్టడం వల్ల ఈ సంబంధం మన విమర్శకు కనిపించలేదు.

ఇప్పుడు పద్యం. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 ఫిబ్రవరి 2న కొత్తగా ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం) ఏర్పడేదాకా కర్నూలులో ఉన్నాయి. రైలు మాత్రం గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి నంద్యాల పోతుంది. పడమటి నుంచి సీమ తత్వాలు, తూర్పు నుంచి గుంటూరు నాటకపు పద్యం ఇక్కడ కలిశాయి. తిరునాళ్లలో తెల్లవార్లూ హరిశ్చంద్ర, కురుక్షేత్రం ఆడితే, పిల్లలు చాపల మీద నిద్రపోతూ లేస్తూ పద్యం విన్నారు. అర్థం ఎవరికి కావాలి. హార్మోనియం సుతి, పద్యం చివర నటుడు ఊపిరి బిగబట్టి లాగే రాగం, జనంలోంచి వన్స్‌మోర్ కేకలు, వీటితోనే కవిత్వం లోపలికి వెళ్లింది.

ఈ రైలుదారిలోనే వినుకొండ ఉంది. 1895లో అక్కడ పుట్టిన గుర్రం జాషువా రాసిన 'శ్మశానవాటి' పద్యాలను నటులు హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనులోకి తెచ్చుకున్నారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకంలో జాషువా పద్యం అతికిందని ప్రేక్షకుల్లో చాలామందికి తెలియదు. అది హరిశ్చంద్రుడి పద్యమే అనుకున్నారు. అంటరానితనం వల్ల సభల్లో అవమానాలు పడ్డ కవి పద్యం, పేరు లేకుండా, ఊరూరా వేలమంది చిన్నతనంలోకి దిగిపోయింది. ఆ పిల్లలు పెద్దయ్యాక ఆ పద్యం వింటే బాల్యం గుర్తొస్తుంది. జాషువా ఎంతమందికి గుర్తొస్తాడు? తన బాల్యాన్ని ఆయనే 'నా కథ'లో పద్యాల్లోనే చెప్పుకున్నాడు. దాన్ని చదివినవాళ్లు కాటిసీను విన్నవాళ్లలో ఎన్నోవంతు ఉంటారో ఊహించుకోవచ్చు.

తర్వాత గ్రామఫోను రికార్డు వచ్చింది. 'కరుణశ్రీ' జంధ్యాల పాపయ్యశాస్త్రి 'పుష్పవిలాపం' ఘంటసాల గొంతులో పెళ్లిపందిళ్ల మైకుల్లో మోగింది. కరుణశ్రీ పుస్తకం చూడని ఇంట్లో కూడా ఆ పద్యం నోటికొచ్చేది. ఆ తరానికి పద్యం అంటే ఒక గొంతు. కాగితం మీద చదువుతున్నా లోపల ఘంటసాలే పాడతాడు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరులో మొదలైంది, కడప కేంద్రం 1963లో. తెల్లవారుజామున భక్తిరంజని, మధ్యలో లలితగీతాలు. ఈ కొండ కింద ఊళ్లలో రేడియో ఎటు తిరిగితే అటు, ఒకసారి కృష్ణాతీరం ఒకసారి కడప గడప. రేడియో తరం గురించి ఇప్పటికే చాలా రాశారు కాబట్టి దాన్ని ఇక్కడ వదిలేస్తాను.

బడి సంగతి వదలడానికి లేదు. ఇది మార్కాపురం. తెలుగు పిల్లలు తరాల తరబడి అక్షరాలు దిద్దిన రాతిపలకల్లో పెద్దభాగం ఈ ఊరి నుంచే వెళ్లాయి. పలక, బలపం, ఎక్కాలు, వేమన పద్యం లేని బాల్యస్మృతి కవిత మన భాషలో అరుదు. ఎక్కాలు చదవడం అంటే పాడటమే. వేమన ఆటవెలది కూడా అంతే. బేసి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, సరి పాదంలో ఐదూ సూర్యగణాలే. పాదం సాగి మళ్లీ ముడుచుకుంటుంది. ఆ ఊపు పిల్లవాడి వంటికి పట్టిన చాలా ఏళ్లకు గాని అర్థం మనసుకు పట్టదు. తర్వాత కాలంలో ఏ కవిత చదివినా చెవి ఆ ఊపునే వెతుక్కుంటుంది.

అయితే ఆ పలకలు చేసిందెవరు? 1987లో కేంద్రం జాతీయ బాలకార్మిక విధానం ప్రకటించి, దాని కింద తొలి ప్రాజెక్టులు పెట్టిన పరిశ్రమల్లో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మీర్జాపూర్ తివాచీల సరసన ఈ ఊరి పేరు చేరింది. ఒక పిల్లవాడి చదువుపాట కోసం ఇంకో పిల్లవాడు రాయి అరగదీశాడు. పలక మీద మనవాళ్లు రాసిన తియ్యటి కవితలు చదువుతున్నప్పుడు ఈ లెక్క గుర్తొచ్చి నాకు నోరు చేదవుతుంది. కవులు అబద్ధం చెప్పారని అనను. వాళ్ల బాల్యం అదే. కానీ పలకలో రెండు బాల్యాలు ఉన్నాయి, కవిత్వంలోకి ఒకటే వచ్చింది. ఫ్యాక్టరీలో దుమ్ములో కూర్చున్న పిల్ల ఏ పాట కూనిరాగం తీసిందో ఎవరూ అడిగి రాసుకోలేదు. ఇప్పుడు రాతిపలకలకు గిరాకీ పడిపోయి, అదే రాయి ఇళ్లకు పరిచే బండలుగా విదేశాలకు పోతోంది. ఆ రోజుల్లో పనిచేసినవాళ్లు మాత్రం ఇంకా ఊళ్లోనే ఉన్నారు.

తియ్యగా లేని సంగీతం ఇక్కడ ఇంకా ఉంది. గిద్దలూరు దాటి దక్షిణానికి పోతే పోరుమామిళ్ల, ఆపైన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కందిమల్లాయపల్లె. తంబూర, తాళాలు పట్టుకొని బ్రహ్మంగారి తత్వాలు పాడే భజన మేళాలు ఈ పల్లెల్లో ఉన్నాయి. ఎవరైనా పోతే శవజాగరణలో తెల్లవార్లూ తత్వాలే పాడతారు. అంచేత పిల్లవాడు తత్వం మొదటిసారి వినేది తరచుగా ఒక చావు ఇంటి అరుగు మీద. దేహం తోలుతిత్తి అన్న భావం వాడికి వేదాంతంగా ఎక్కదు, తాత ముఖం మీది పసుపుతో కలిసి ఎక్కుతుంది. ఈ ప్రాంతం నుంచి వచ్చిన కవిత్వంలో చావు గురించి మాట్లాడేటప్పుడు ఒక నిబ్బరం కనిపిస్తే, దాని పునాది తత్వంలో వెతకాలని నా సలహా. పీర్ల పండగ కూడా అలాంటిదే. గుండం చుట్టూ తిరుగుతూ పాడేవాళ్లలో హిందువులెవరో ముసల్మానులెవరో పిల్లలకు తేడా తెలియదు. సంబరమూ శోకమూ కూడా అక్కడ విడిగా ఉండవు.

డప్పు దగ్గరికొస్తే జ్ఞాపకం నిలువునా చీలుతుంది. ఊరి పిల్లవాడికి డప్పు అంటే జాతర. మాదిగవాడ పిల్లవాడికి డప్పు అంటే నాన్న భుజం మీది బరువు, చావు కబురు మోసుకెళ్లాల్సిన వెట్టి, పండగ అయ్యాక దూరంగా నిలబడి అందుకున్న కూలి. దాంతోపాటే ఆ మోతలో ఒళ్లు మరిచిన ఆట కూడా. 1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ తెచ్చిన దళిత కవితా సంకలనానికి 'చిక్కనవుతున్న పాట' అని పేరు పెట్టారు. ఆ తరం కవులు చిన్నప్పటి సంగీతాన్ని ముద్దు చేయకుండా తలుచుకోవడం నేర్పారు. నా లెక్కలో ఈ వస్తువు మీద గత వందేళ్లలో తెలుగు కవిత్వంలో వచ్చిన అతిపెద్ద మార్పు అదే. భావకవులు పాటతో బాల్యాన్ని తిరిగి పొందాలనుకున్నారు. వీళ్లు పాటతో బాల్యాన్ని విచారణకు పెట్టారు.

భావకవుల గురించి ఒక మాట. నండూరి సుబ్బారావు 1925లో పుస్తకంగా తెచ్చిన ఎంకి పాటలు ఆయన మద్రాసులో చదువుకుంటున్న రోజుల్లో మొదలయ్యాయి. పల్లె పాట మీద బెంగ పట్నంలో పుడుతుందనడానికి అదొక్కటి చాలు. శ్రీశ్రీ 'శైశవగీతి'లో ఐదారేళ్ల పిల్లలను పలకరిస్తూ నాలుగు మాత్రల నడక పట్టుకున్నాడు. పిల్లలు దాన్ని అర్థంతో పనిలేకుండా చప్పట్లు కొట్టుకుంటూ చదవగలరు. ఆరుద్ర 'కూనలమ్మ పదాలు' కూడా అలా నోట నిలిచే నడకలోవే. ఈ రెండిట్లోనూ పాట కవిత ఒంట్లోనే ఉంది.

1958లో కుందుర్తి ఆంజనేయులు ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టి వచనకవితకు జెండా ఎత్తాక పరిస్థితి మారింది. కవిత పాడటం మానేసింది. మానేసిన తర్వాతే పాట కవితకు వస్తువు అయింది. అమ్మ లాలి, అవ్వ విసుర్రాయి పాట, హరిదాసు చిడతలు, గంగిరెద్దుల సన్నాయి, టూరింగు టాకీసు రికార్డులు ఇవన్నీ వచనకవితలో వరసగా హాజరు వేయించుకుంటాయి. చాలాసార్లు అది హాజరు పట్టీగానే మిగిలిపోతుంది. పేరు చెబితే చాలు చదువరి కళ్లు చెమరుస్తాయన్న ధీమా కవికి ఉంటుంది. రూసో చెప్పిన ఆనవాలు ఇదే. ఆ పాట ముందే తెలిసినవాడి మీద పనిచేస్తుంది, తెలియనివాడికి వట్టి పేరు. మంచి వచనకవి పేరు చెప్పకుండా ఆ పాట ఊపిరిని వాక్యం విరుపులోకి తెస్తాడు. అలాంటివాళ్లు ఎప్పుడూ కొద్దిమందే.

పాటకవులకు ఈ ఇబ్బంది లేదు. 2002లో 'కుబుసం' సినిమాలో వచ్చిన గోరటి వెంకన్న పల్లె పాట తెలంగాణది. అయినా మార్కాపురం నుంచి హైదరాబాదుకు, బెంగళూరుకు పనికి పోయినవాళ్లు దాన్ని తమ ఊరి పాటగానే పాడుకున్నారు. కుమ్మరి, కమ్మరి, సాలె ఏమయ్యారని ఆ పాట అడుగుతుంది. జాబితానే, కానీ వరస జానపదం కాబట్టి జాబితా ఏడుపుగా మారింది. వచనంలో అదే జాబితా సర్వే నివేదిక అయ్యేది. విద్వాన్ విశ్వం సీమ కరువు మీద కావ్యం రాసి దానికి 'పెన్నేటి పాట' అని పేరు పెట్టడంలో కూడా ఇదే తెలివి ఉంది.

ఎవరు వలస పోయారు, ఎవరు ఉండిపోయారు అన్నది ఇక్కడ అసలు కొలత. బాల్యపు పాట మీద బెంగపడేది పోయినవాడు. మారిషస్‌లో పంతొమ్మిదో శతాబ్దంలో కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల వారసులు ఇళ్లలో క్రియోల్ మాట్లాడుతూ, దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా తెలుగులో రామభజన చేస్తారు. భాష పోయినా పాట పోలేదు. కాకర్ల కుటుంబం కథ దీనికి తలకిందులు. ఊరు పోయింది, భాష ఉంది, ఆ భాషలో కొత్త పాట పుట్టింది. ఉండిపోయినవాడికి ఈ బెంగ అంతగా ఉండదు. నల్లమలలో చెంచులు ఉండిపోయినవాళ్లు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో వాళ్ల మీద పెద్ద పుస్తకం రాశాడు. చెంచులక్ష్మి కథను యక్షగానం వాడుకుంది, 1958లో సినిమా వాడుకుంది. చెంచు పిల్ల వేటగాడి ప్రేయసిగా, దేవుడి భార్యగా కవిత్వంలో కావలసినంత పాడింది. చెంచు తల్లి తన బిడ్డకు పాడే పాట మన కవిత్వ చర్చలో ఎక్కడ ఉంది? దోర్నాల, ఎర్రగొండపాలెం, పుల్లలచెరువు గూడేల్లో అది గాలిలో ఉంది. పాడే భాష తెలుగే, అనువాదం పేచీ కూడా లేదు.

ఇప్పటి పిల్లల సంగతి వేరు. ఇంటింటి లాలి పోయి, ఫోనులో యూట్యూబ్ లాలి వచ్చింది. గిద్దలూరులో ఊయలలో ఉన్న బిడ్డా, డల్లాస్‌లో తొట్టెలో ఉన్న బిడ్డా ఒకే గొంతు, ఒకే బొమ్మ చూస్తూ నిద్రపోతున్నారు. ముప్పై ఏళ్ల తర్వాత ఈ పిల్లల్లో ఎవరైనా కవి అయితే, ఆ పాట వాళ్లకు ఏ ఊరినీ గుర్తు చేయదు, ఒక కాలాన్ని మాత్రం గుర్తు చేస్తుంది. కార్నెల్ వాళ్ల లెక్కలు అప్పుడు మనకూ సరిగ్గా సరిపోతాయి. అది నష్టమని గోల చేసేవాళ్లలో నేను లేను. రేడియో వచ్చినప్పుడూ, మైకుసెట్టు వచ్చినప్పుడూ అదే గోల విన్నాం, వాటిలోంచీ కవిత్వం పుట్టింది. అయితే ఫోనులో పాడే ఆమెకు పుట్టింటి మీద అలక లేదు, వానలేని ఏడాది లేదు, ఆ బిడ్డ ఎవరో కూడా తెలియదు. తల్లి మాటలు మరిచిపోయి వరస దాచుకున్న కవులను ఇంతకాలం చదివాం. మరిచిపోవడానికి తల్లి మాటలే లేని లాలి విన్న కవులు ఏం రాస్తారో రాబోయే సమీక్షకుడు చూడాల్సిందే.